కీని నొక్కి పట్టుకున్నట్టు ప్రోగ్రామ్‌తో చేయించడం ఎలా? (విండోస్, సీ షార్ప్)

తుంగభద్ర_తీరం:
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి కుడిచేతి వేళ్లలో పట్టు తగ్గింది. కీని ఒకసారి తట్టగలడు కానీ, నొక్కి పట్టుకుని ఉండలేడు. వాడి కోసం తెర మీద పెద్ద పెద్ద బొత్తాలు ఉండే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. విండోస్ 11, సీ షార్ప్, విండోస్ ఫారమ్స్. బొత్తాన్ని ఒకసారి తడితే కీ నొక్కినట్టే ఉండిపోవాలి, మళ్లీ తడితే వదలాలి. వాడికి ఇది రెండు పనులకు కావాలి. పొడవైన పీడీఎఫ్ పుస్తకాలను కిందికి బాణం కీతో జరుపుకుంటూ చదువుకోవడం ఒకటి, కారు పందెం ఆటలో డబ్ల్యూ కీతో బండి నడపడం రెండోది.

సెండ్‌కీస్ (కీలు కొట్టినట్టు చేసే డాట్‌నెట్ తరగతి) వాడితే నోట్‌ప్యాడ్‌లో ఒక్క అక్షరం పడి ఆగిపోతోంది. కీబీడీ_ఈవెంట్ అనే పాత విండోస్ ఫంక్షన్‌తో "నొక్కు" మాత్రమే పంపి, "వదులు" పంపకుండా ఉంచి చూశాను. అప్పుడూ ఒక్క అక్షరమే. నిజమైన కీబోర్డు మీద వేలు పెట్టి ఉంచితే వరసగా పడుతూనే ఉంటాయి కదా, ఇక్కడ ఎందుకు పడవు? ఆటలోనైతే బండి కదలనే కదలదు. పైగా నా బొత్తం తట్టగానే ఆట కిటికీ వెనక్కి పోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

మీటలమేస్త్రి:
మీరు అడిగినవి మూడు వేర్వేరు సమస్యలు. మొదటిదాని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే మిగతావి తేలికవుతాయి.

వేలు పెట్టి ఉంచినప్పుడు అక్షరాలు వరసగా పడేది, విండోస్‌లో ఎక్కడో "ఈ కీ ఇంకా కిందనే ఉంది" అని రాసి ఉన్నందువల్ల కాదు. ఎవరో ఒకరు "నొక్కు" సంకేతాన్ని మళ్లీ మళ్లీ పంపుతుంటారు. పాత పీఎస్/2 కీబోర్డుల్లో ఆ పని కీబోర్డు లోపలి చిప్పే చేసేది. యూఎస్‌బీ కీబోర్డు ప్రస్తుతం ఏయే కీలు కింద ఉన్నాయో మాత్రమే కంప్యూటర్‌కు చెబుతుంది, మళ్లీ మళ్లీ పంపే పనిని విండోస్‌లోని కీబోర్డు డ్రైవర్ చూసుకుంటుంది. మీ ప్రోగ్రామ్ పంపే సంకేతం ఈ డ్రైవర్ దాటాక, పై అంతస్తులో ప్రవేశిస్తుంది. అందుకే దాన్ని మళ్లీ పంపేవారు ఎవరూ ఉండరు. ఆ పని మీరే చేయాలి.

వరస ఇలా ఉండాలి: ఒక "నొక్కు" పంపండి. కొంచెం ఆగండి. తర్వాత టైమర్ పెట్టి అదే "నొక్కు"ను క్రమం తప్పకుండా పంపుతూ ఉండండి. చివర్లో ఒకే ఒక్క "వదులు". మధ్యలో "వదులు" పంపకూడదు. పంపితే అవతలి ప్రోగ్రామ్‌కు అది పట్టుకోవడంలా కాక, టకటకా కొట్టడంలా కనిపిస్తుంది. కీ నొక్కారని విండోస్ అవతలి ప్రోగ్రామ్‌కు చెప్పే సందేశం డబ్ల్యూఎం_కీడౌన్. దానితో వచ్చే ఎల్‌పారామ్ అనే వివరాల సంఖ్యలో 30వ బిట్ ఉంటుంది. ఆ కీ అంతకుముందే కింద ఉందా లేదా అన్నది అదే చెబుతుంది. మధ్యలో "వదులు" లేకుండా పంపితే ఆ బిట్‌ను విండోస్ తానే సరిగ్గా పెడుతుంది, మీరు ముట్టుకోనక్కర్లేదు.

ఎంతసేపు ఆగాలి, ఎంత వేగంగా పంపాలి అన్నవి వాడుకరి కంట్రోల్ ప్యానెల్‌లోనే పెట్టుకుని ఉంటారు. ఆలస్యం 0 నుంచి 3 వరకు, అంటే సుమారు 250 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను దాకా. వేగం 0 నుంచి 31 వరకు, అంటే సెకనుకు సుమారు రెండున్నర నుంచి 30 సార్లు. డాట్‌నెట్‌లో సిస్టమ్‌ఇన్ఫర్మేషన్ తరగతిలోని కీబోర్డ్‌డిలే, కీబోర్డ్‌స్పీడ్ ఈ రెండింటినీ ఇస్తాయి. కానీ మీ తమ్ముడి కోసం మీ ప్రోగ్రామ్‌లో వేగానికి వేరే అమరిక పెట్టండి. పీడీఎఫ్ చదివేవారికి సెకనుకు 30 వరుసలు జరిగితే ఏం లాభం?

సెండ్‌కీస్‌ను వదిలేయండి. దానికి ఒక కీని 20 సార్లు కొట్టమని చెప్పవచ్చు, షిఫ్ట్ పట్టుకుని మరో అక్షరం కొట్టమనీ చెప్పవచ్చు. మామూలు కీని కొంతసేపు పట్టుకోమని చెప్పే మార్గం అందులో లేదు. కీబీడీ_ఈవెంట్ స్థానంలో సెండ్‌ఇన్‌పుట్ వచ్చి చాలా కాలమైంది, దాన్నే వాడండి.

సున్నా_ఒకటి:
ఆట సంగతి నేను చెబుతాను. చాలా ఆటలు అక్షరాల కోసం చూడవు, మేస్త్రి గారు చెప్పిన పునరావృత్తినీ పట్టించుకోవు. "ఈ క్షణాన డబ్ల్యూ కింద ఉందా?" అన్న స్థితినే ప్రతి ఫ్రేములో చూసుకుంటాయి. అందువల్ల ఆటకు ఒకే ఒక్క "నొక్కు" చాలు, టైమర్ అవసరం లేదు.

మరి బండి ఎందుకు కదలలేదు? మీరు వర్చువల్ కీ సంఖ్య (కీకి విండోస్ ఇచ్చిన సంఖ్య) మాత్రమే పంపి, స్కాన్ కోడ్ (కీబోర్డు మీద కీ ఉన్న చోటును చెప్పే సంఖ్య) గడిని సున్నాగా వదిలి ఉంటారు. డైరెక్ట్‌ఇన్‌పుట్, రా ఇన్‌పుట్ (ఆటలు కీలను చదవడానికి వాడే విండోస్ పద్ధతులు) వాడే ఆటలు స్కాన్ కోడ్‌ను చదువుతాయి. వాటి దృష్టిలో మీరు ఏ కీనీ నొక్కలేదు. కాబట్టి వర్చువల్ కీ గడిలో 0, స్కాన్ కోడ్ గడిలో 17 (అది డబ్ల్యూ), ఫ్లాగుల గడిలో 8 పెట్టండి. వదిలేటప్పుడు ఫ్లాగు 10, అంటే స్కాన్ కోడ్ అని చెప్పే 8కి వదలడం అని చెప్పే 2 కలిపి.

ఒక జాగ్రత్త. ఇలా ప్రోగ్రామ్ పంపిన కీల మీద "ఇది చొప్పించినది" అన్న గుర్తు ఉంటుంది. కింది స్థాయి హుక్ (కీలు దాటిపోతుండగా చూసే కోడ్) పెట్టిన ఏ ప్రోగ్రామ్ అయినా దాన్ని చూడగలదు. ఒంటరిగా ఆడుకునే ఆటలో ఇబ్బంది లేదు. నలుగురితో కలిసి ఆన్‌లైన్‌లో ఆడే ఆటైతే ముందు వాళ్ల నియమాలు చదవండి. ఖాతా పోతే మీ తమ్ముడే బాధపడతాడు.

వెనుకకిటికీ:
ఇంత శ్రమ ఎందుకండీ? ఆట కిటికీ హ్యాండిల్ (దాన్ని గుర్తించే సంఖ్య) పట్టుకుని పోస్ట్‌మెసేజ్‌తో డబ్ల్యూఎం_కీడౌన్ పంపేస్తే సరి. కిటికీ ముందుకు రావలసిన పని కూడా ఉండదు.

మీటలమేస్త్రి:
నోట్‌ప్యాడ్ లాంటి చోట్ల కొంతవరకు పనిచేస్తుంది. ఇక్కడ పనికిరాదు. పోస్ట్‌మెసేజ్ ఒక సందేశాన్ని వరుసలో పెడుతుందే తప్ప, కీబోర్డు స్థితిని మార్చదు. కీ కింద ఉందో లేదో చెప్పే గెట్‌అసింక్‌కీస్టేట్‌ను అడిగితే "డబ్ల్యూ పైనే ఉంది" అంటుంది. షిఫ్ట్, కంట్రోల్ కలిపిన కీల దగ్గరైతే ఇంకా గందరగోళం: సందేశం వెళ్తుంది, అవతలి ప్రోగ్రామ్ షిఫ్ట్ ఉందా అని చూసుకుంటే ఉండదు. రా ఇన్‌పుట్ చదివే ఆటకు ఆ సందేశం అసలు చేరదు. పట్టుకున్నట్టు ఉండాలంటే స్థితి మారాలి. స్థితి మారాలంటే సెండ్‌ఇన్‌పుట్ కావాలి.

తుంగభద్ర_తీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. సెండ్‌ఇన్‌పుట్‌కు మారాను. కానీ అది 0 తిరిగి ఇస్తోంది, ఎర్రర్ సంఖ్య 87. ఇన్‌పుట్ స్ట్రక్చర్‌లో రకం గడి, దాని తర్వాత కీబోర్డు భాగం మాత్రమే ప్రకటించాను, మౌస్ నాకు అవసరం లేదు కాబట్టి.

మీటలమేస్త్రి:
అదే కారణం. 87 అంటే పరామితి సరిగా లేదని. అసలు సీ భాషలో ఆ స్ట్రక్చర్ లోపల మౌస్, కీబోర్డు, హార్డ్‌వేర్ మూడింటికీ కలిపి ఒక యూనియన్ (ఒకే చోటును పంచుకునే అమరిక) ఉంటుంది. యూనియన్ పరిమాణం వాటిలో పెద్దదైన మౌస్ భాగాన్ని బట్టి ఉంటుంది. 64 బిట్ ప్రాసెస్‌లో మొత్తం 40 బైట్లు రావాలి, 32 బిట్‌లో 28. మార్షల్.సైజ్‌ఆఫ్‌తో మీ స్ట్రక్చర్‌ను కొలిచి చూడండి, 32 వస్తుంది. సెండ్‌ఇన్‌పుట్ మూడో పరామితిలో 40 కోసం చూస్తుంది, 32 కనబడగానే పని చేయనంటుంది. మౌస్ అవసరం లేకపోయినా మౌస్ భాగాన్ని కూడా ప్రకటించి, ఎక్స్‌ప్లిసిట్ లేఔట్‌తో మూడింటినీ యూనియన్‌లో ఆఫ్‌సెట్ 0 దగ్గర పెట్టండి. అదనపు సమాచారం గడిని ఇంట్‌పీటీఆర్‌గానే ఉంచండి, ఇంట్‌గా పెడితే మళ్లీ లెక్క తప్పుతుంది.

ఇక కిటికీ వెనక్కి పోవడం. మౌస్‌తో మీ ఫారమ్‌ను తట్టగానే విండోస్ దాన్ని ముందుకు తెస్తుంది, అప్పుడు మీరు పంపే డబ్ల్యూ మీ ఫారమ్‌కే చేరుతుంది. ఫారమ్‌లో క్రియేట్‌పారామ్స్‌ను ఓవర్‌రైడ్ చేసి, ఎక్స్‌స్టైల్‌కు డబ్ల్యూఎస్_ఈఎక్స్_నోయాక్టివేట్ జోడించండి. దాని విలువ 134217728. ఫారమ్ అన్నిటికన్నా పైన ఉండేలా టాప్‌మోస్ట్ కూడా పెట్టండి. ఇక బొత్తం తట్టినా ఫోకస్ ఆట దగ్గరే ఉంటుంది. ఆటను పూర్తి తెర పద్ధతిలో కాకుండా కిటికీ పద్ధతిలో నడపండి, లేకపోతే మీ బొత్తాలు కనబడకపోవచ్చు.

తొలిమెట్టు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను పైథాన్‌లో పైఆటోజీయూఐ అనే లైబ్రరీ వాడుతున్నాను. కీడౌన్ పిలిస్తే ఒక్క అక్షరమే వస్తోంది. ఇదే కారణమా?

సున్నా_ఒకటి:
అవును, అదే. కీడౌన్‌ను లూప్‌లో పెట్టి మధ్యలో కొద్దిగా విరామం ఇవ్వండి, చివర్లో కీఅప్. ఆ కీఅప్‌ను తప్పకుండా ఫైనల్లీ (ఎర్రర్ వచ్చినా తప్పక నడిచే) భాగంలో ఉంచండి. విరామం విషయంలో ఒక మాట: విండోస్ గడియారం మామూలుగా 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే కదులుతుంది. 3.11కు ముందున్న పైథాన్‌లో 33 మిల్లీసెకన్లు ఆగమంటే ఒక్కోసారి 47 దాకా పోతుంది. అక్షరాలు మీరు లెక్కవేసినదానికన్నా నెమ్మదిగా పడితే మీ లూప్‌ను అనుమానించకండి.

తెరపలక:
నేను చేతులు సరిగా ఆడనివారికి కంప్యూటర్ అమర్చి ఇచ్చే పనిలో ఉన్నాను. తీరం గారూ, మీరు చేస్తున్న పని చాలా అవసరమైనది. కోడ్ సంగతి వీళ్లు చూసుకుంటున్నారు కాబట్టి, వాడే మనిషి వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను.

షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ కీలను పట్టుకోవడం మీరు రాయనక్కర్లేదు. విండోస్‌లో స్టిక్కీ కీస్ ఉంది. షిఫ్ట్‌ను ఐదుసార్లు తడితే దాన్ని ఆన్ చేయాలా అని అడుగుతుంది. ఒకసారి తట్టిన షిఫ్ట్‌ను తర్వాతి కీ దాకా అదే పట్టి ఉంచుతుంది. మీరు మామూలు కీల మీదే శ్రద్ధ పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, వదలడం. వేలితో పట్టుకునేవారు నొప్పి పుట్టినా, భయపడినా చేయి తీసేస్తారు, కీ పైకి వస్తుంది. మీ ప్రోగ్రామ్‌లో ఆ రక్షణ ఉండదు. కంట్రోల్ కిందే ఉండిపోయి ప్రోగ్రామ్ ఆగిపోయిందనుకోండి, తర్వాత ఏ అక్షరం కొట్టినా ఏదో ఒక ఆదేశం నడుస్తుంది. పక్కన ఎవరూ లేకపోతే ఆ మనిషి ఏం చేయగలరు? డిలీట్ కీ కిందే ఉండిపోతే రాసుకున్నదంతా పోతుంది. అందుకని "అన్నీ వదులు" అనే పెద్ద బొత్తం ఎప్పుడూ ఒకే చోట ఉంచండి. ముందున్న కిటికీ మారితే అన్నీ వదలండి. తెర లాక్ అయితే వదలండి, డాట్‌నెట్‌లో సిస్టమ్‌ఈవెంట్స్‌లోని సెషన్‌స్విచ్ దానికి పనికొస్తుంది. ఫారమ్ మూసేటప్పుడు వదలండి. పట్టి ఉంచిన బొత్తం రంగు మారడం ఒక్కటే సరిపోదు, దాని మీద మాట కూడా మారాలి. రంగులు తేడా తెలియనివారు ఎందరో ఉన్నారు.

ఇంకొకటి, వదలడానికి రెండుసార్లు వెంటవెంటనే తట్టాలని పెట్టకండి. పట్టు తగ్గిన చేతికి అది కష్టం.

మీటలమేస్త్రి:
తెరపలక గారి మాటకు నా వంతు చేర్పు. ఏ కీలు పట్టి ఉన్నాయో ఒక హ్యాష్‌సెట్‌లో (ఒక్కోదాన్ని ఒక్కసారే ఉంచే జాబితాలో) రాసుకోండి. "నొక్కు" పంపే ముందు చేర్చండి, "వదులు" పంపాక తీయండి. వదిలే పని అంతా ఒకే ఒక్క ఫంక్షన్‌లో ఉండనివ్వండి. మూసేటప్పుడు, లాక్ అయినప్పుడు, అనుకోని ఎర్రర్ వచ్చినప్పుడు అన్నిటికీ అదే పిలవండి. టాస్క్ మేనేజర్ నుంచి బలవంతంగా ఆపితే మాత్రం మీ కోడ్ ఏదీ నడవదు. అప్పుడు ఏ కీ ఇరుక్కుందో ఆ కీని నిజమైన కీబోర్డు మీద ఒకసారి తట్టి వదిలితే స్థితి సర్దుకుంటుంది. ఈ మాట ఇంట్లో మిగతావారికి కూడా చెప్పి ఉంచండి.

పెంగ్విన్‌పక్షం:
లైనక్స్ వాడేవారు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి రాస్తున్నాను. ఎక్స్11 అనే పాత లైనక్స్ తెర వ్యవస్థలో కథ తిరగబడుతుంది. కీలు పంపే ఎక్స్‌డూటూల్ అనే పనిముట్టుకు కీడౌన్ అని ఒక్కసారి చెబితే చాలు, పునరావృత్తిని ఎక్స్ సర్వరే చేస్తుంది. తేడా ఏమిటంటే, పునరావృత్తిలో ప్రతిసారీ అది ఒక "వదులు", ఒక "నొక్కు" జంటగా పంపుతుంది. పట్టుకోవడాన్ని గుర్తించాలనుకునే ప్రోగ్రామ్‌లు దీనివల్ల తికమకపడతాయి. ఎక్స్‌కేబీ‌సెట్‌డిటెక్టబుల్‌ఆటోరిపీట్ పిలిస్తే ఆ దొంగ "వదులు"లు ఆగిపోతాయి.

దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌లో కంపోజిటర్ (కిటికీలను తెర మీద చూపే ప్రోగ్రామ్) వేగం, ఆలస్యం చెబుతుంది, పునరావృత్తిని ప్రతి ప్రోగ్రామ్ తానే చేసుకోవాలి. అక్కడ కీలు పంపాలంటే చాలామంది కెర్నెల్‌లోని యూఇన్‌పుట్ (ప్రోగ్రామ్‌తో ఉత్తుత్తి కీబోర్డు తయారుచేసే మార్గం) దాకా వెళ్తారు, వైడూటూల్ చేసేది అదే. కెర్నెల్ స్థాయిలో ఒక కీకి మూడు విలువలు: వదిలితే 0, నొక్కితే 1, పునరావృత్తి అయితే 2. స్థితినీ పునరావృత్తినీ ఇంత శుభ్రంగా వేరు చేసిన చోటు మరొకటి నేను చూడలేదు. అక్కడ కూడా డబ్ల్యూ కోడ్ 17 కావడం పాత పీసీ కీబోర్డు వారసత్వమే.

తుంగభద్ర_తీరం:
బండి కదిలింది! స్ట్రక్చర్ కొలిస్తే నిజంగానే 32 వచ్చింది, సరిచేయగానే 40. ఫోకస్ సమస్య కూడా పోయింది. వాడు ఒక్క తట్టుతో బండిని పరుగెత్తించి, మలుపుల మీదే మనసు పెట్టి ఆడుతున్నాడు.

ఇప్పుడు పీడీఎఫ్ వైపు ఒక విచిత్రం. కిందికి బాణం కోసం స్కాన్ కోడ్ 80, ఫ్లాగు 8 పంపుతున్నాను. పుట జరగడం లేదు. నోట్‌ప్యాడ్‌లో పరీక్షిస్తే 2222 అని పడుతోంది.

సున్నా_ఒకటి:
నమ్ లాక్ వెలిగి ఉంది కదా? 80 అనే స్కాన్ కోడ్ నంబర్ ప్యాడ్ మీది 2 కీకీ, కిందికి బాణానికీ ఉమ్మడి. రెండోదాన్ని వేరుచేసేది ఎక్స్‌టెండెడ్ ఫ్లాగు, విలువ 1. అంటే నొక్కడానికి 9, వదలడానికి 11. పైకి 72, ఎడమకు 75, కుడికి 77, వీటన్నిటికీ ఇదే వర్తిస్తుంది. హోమ్, ఎండ్, పేజ్ అప్, పేజ్ డౌన్, ఇన్సర్ట్, డిలీట్, కుడి కంట్రోల్, కుడి ఆల్ట్ కూడా ఈ కోవలోవే. వదిలేటప్పుడు ఆ 1 మరిచిపోతే మీరు వదిలేది వేరే కీ అవుతుంది, బాణం కిందే ఉండిపోతుంది.

అక్షరపథం:
తెలుగుకు సంబంధించిన ఒక సందేహం. మా కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక పెట్టుకున్నాను. ఇదే పద్ధతిలో డబ్ల్యూ పట్టి ఉంచితే ఆటలో సరిగ్గానే ఉంది, నోట్‌ప్యాడ్‌లో మాత్రం ఐత్వం గుర్తు "ై" వరసగా పడుతోంది. నాకు తెలుగు అక్షరాల బొత్తాలు కూడా కావాలి, క్ష లాంటివి. అమరిక ఏదైనా అదే అక్షరం రావాలంటే ఎలా?

మీటలమేస్త్రి:
స్కాన్ కోడ్ అనేది కీ ఉన్న చోటును చెబుతుంది. దాన్ని అక్షరంగా మార్చేది అప్పటికి ఎంచుకున్న అమరిక. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ చోట ఉన్నది ఐత్వమే, కాబట్టి విండోస్ సరిగ్గానే చేస్తోంది. అక్షరమే కావాలనుకుంటే ఫ్లాగు 4, అంటే యూనికోడ్. వర్చువల్ కీ గడి 0, స్కాన్ కోడ్ గడిలో అక్షరం సంఖ్య. క అయితే 3093. అమరికతో సంబంధం లేకుండా క పడుతుంది. ఆటలు మాత్రం దీన్ని కీగా గుర్తించవు, ఇది రాతకే.

క్ష ఒక అక్షరంగా కనిపించినా యూనికోడ్‌లో మూడు ముక్కలు: క 3093, పొల్లు 3149, ష 3127. ఒక్కోదాన్ని వేరుగా పంపితే మధ్యలో వాడుకరి నిజమైన కీ తట్టినప్పుడు అక్షరం చీలిపోతుంది. మూడింటి నొక్కులూ వదులులూ కలిపి ఆరు నమోదులను ఒకే శ్రేణిగా ఒకే పిలుపులో పంపండి. అలా పంపినవాటి మధ్యలోకి ఇతర కీలు దూరవని సెండ్‌ఇన్‌పుట్ హామీ ఇస్తుంది. బొత్తాన్ని పట్టి ఉంచినట్టు పునరావృత్తి చేయాలంటే టైమర్ ప్రతి టిక్కుకూ ఆ ఆరింటినీ కలిపే పంపాలి.

అక్షరపథం:
కృతజ్ఞతలు. పొల్లు వచ్చాక ష రావడానికి ముందు ఇంకో అక్షరం దూరడం నాకు నిజంగానే ఎదురైంది, కారణం ఇప్పుడు తెలిసింది.

తుంగభద్ర_తీరం:
పీడీఎఫ్ ఇప్పుడు హాయిగా జరుగుతోంది. అయితే ఒకే ఒక్క ప్రోగ్రామ్ దగ్గర ఏ కీ పనిచేయడం లేదు. సెండ్‌ఇన్‌పుట్ 1 తిరిగి ఇస్తోంది, ఎర్రర్ ఏమీ లేదు. అవతల మాత్రం చలనం ఉండదు.

మీటలమేస్త్రి:
ఆ ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతున్నారేమో చూడండి. విస్టా నుంచి విండోస్‌లో యూఐపీఐ అనే కట్టడి ఉంది. తక్కువ హక్కులున్న ప్రోగ్రామ్ ఎక్కువ హక్కులున్నదానికి కీలు పంపలేదు. తిరిగివచ్చే విలువలోగానీ ఎర్రర్ సంఖ్యలోగానీ ఈ సంగతి తెలియదు, అందుకే చాలామంది ఇక్కడ వృథాగా వెతుకుతారు. అవతలి ప్రోగ్రామ్‌ను మామూలు హక్కులతో నడపడమే మేలైన దారి. మీదాన్ని కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే పనిచేస్తుంది కానీ, రోజంతా తెర మీద ఉండే ప్రోగ్రామ్‌కు అన్ని హక్కులు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

తుంగభద్ర_తీరం:
అదే. దాని షార్ట్‌కట్‌లో అడ్మినిస్ట్రేటర్ అని టిక్కు పెట్టి ఉంది. తీసేశాక పనిచేస్తోంది.

మా తమ్ముడు ఇప్పుడు ఒకటి అడుగుతున్నాడు. బండి పరుగెడుతుండగా బ్రేకు తడితే, అంటే ఎస్ కీ, డబ్ల్యూ దానంతట అదే వదలాలి. ముందు డబ్ల్యూ తట్టి వదిలి, తర్వాత ఎస్ తట్టేసరికి మలుపు దాటిపోతోందట.

తెరపలక:
చాలా సరైన కోరిక. ఒక తట్టు తగ్గించినా ఆ చేతికి అది పెద్ద సాయం. బ్రేకు మాత్రం పట్టి ఉంచేదిగా కాకుండా, కొద్దిసేపటికి తానే వదిలేదిగా పెట్టి చూడండి. ఎంతసేపన్నది తననే ఎంచుకోనివ్వండి.

సున్నా_ఒకటి:
రెండు నమోదులు ఒకే శ్రేణిలో పంపండి: మొదట 17కు ఫ్లాగు 10, తర్వాత 31కి ఫ్లాగు 8. 31 ఎస్ స్కాన్ కోడ్. హ్యాష్‌సెట్‌లో 17ను తీసి 31ని చేర్చడం కూడా అక్కడే జరగాలి. తెరపలక గారు చెప్పిన గడువు తీరగానే 31కి 10. ఎడమ, కుడి బాణాలనూ ఇలాగే జంటగా కట్టవచ్చు, వాటికి మాత్రం ఆ 1 కలపాలి.

తుంగభద్ర_తీరం:
జంటల కోసం ఒక చిన్న పట్టిక రాస్తున్నాను, ఏ కీ తడితే ఏ కీ వదలాలో అందులో ఉంటుంది. ఈ రాత్రికి వాడితో ఆడించి చూసి, మొత్తం కోడ్ ఇక్కడే పెడతాను. పెంగ్విన్‌పక్షం గారూ, యూఇన్‌పుట్‌తో దీన్ని లైనక్స్‌కు తేవడానికి మీరు సాయం చేస్తానంటే పట్టికను వేరే ఫైలులో ఉంచుతాను.

పెంగ్విన్‌పక్షం:
తప్పకుండా. స్కాన్ కోడ్, ఎక్స్‌టెండెడ్ గుర్తు రెండూ వేర్వేరు గడుల్లో ఉంచండి. డబ్ల్యూ, ఎస్ లాంటివాటికి అవే సంఖ్యలు నాకు పనికొస్తాయి, బాణాలకు మాత్రం లైనక్స్‌లో వేరే కోడ్‌లు ఉన్నాయి: పైకి 103, ఎడమకు 105, కుడికి 106, కిందికి 108.